స్మారక స్తంభం మీది పాత పలకను మార్చాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

ప్రశ్న (మాజీ హవల్దారు, సైనిక్‌పురి)

అందరికీ నమస్కారం. నేను సైన్యంలో వాహనాలు, యంత్రాల మరమ్మతులు చూసే ఇ.ఎం.ఇ. విభాగంలో పనిచేసి, హవల్దారుగా పదవీ విరమణ పొంది, పన్నెండేళ్లుగా హైదరాబాదులో సైనిక్‌పురి దగ్గర ఉంటున్నాను. మా సొంత ఊరు ఇక్కడికి బస్సులో మూడు గంటల ప్రయాణంలో ఉన్న ఒక చిన్న పట్టణం. అక్కడి పాత బస్టాండు పక్కన, కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి ఏడాది ఊరివారు చందాలు వేసుకొని కట్టించిన అమరవీరుల స్మారక స్తంభం ఉంది. దాని ఆలనాపాలనా చూసుకోవడానికి మాజీ సైనికులం, కొందరు ఉపాధ్యాయులు, డిగ్రీ చదివే పిల్లలు కలిసి నాలుగేళ్ల క్రితం ఒక బృందంగా ఏర్పడ్డాం. వాట్సాప్ గ్రూపులో 36 మంది ఉన్నాం. చీపురు పట్టుకోవడానికి వచ్చేది అయిదారుగురం. ఆ బృందంలో ఇప్పుడు తలెత్తిన ఒక తగువు గురించి మీ సలహా కోరుతున్నాను.

ముందు స్మారకం ఎలా ఉంటుందో చెబుతాను. తాండూరు బండలు పరిచిన చదరపు అరుగు, దాని మీద తొమ్మిది అడుగుల స్తంభం, స్తంభానికి ముందువైపు నల్ల గ్రానైట్ పలక, పైన సిమెంటుతో పోసిన తలకిందుల తుపాకీ, ఆ తుపాకీ మడమ మీద హెల్మెట్, చుట్టూ ఇనుప గ్రిల్. పలక మీద 11 పేర్లు ఉన్నాయి. 1962 చైనా యుద్ధం మొదలుకొని 1965, 1971 యుద్ధాలు, శ్రీలంకకు వెళ్లిన శాంతిసేన, సియాచిన్, చివరగా కార్గిల్ దాకా మా పట్టణం నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ వెళ్లి తిరిగిరానివారి పేర్లు అవి.

ఇన్నేళ్ల ఎండకు ఆ అక్షరాల్లో నింపిన బంగారు రంగు నల్లబడి, చాలాచోట్ల రాలిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి చూస్తే ఉత్త నల్లరాయి తప్ప ఏమీ కనిపించదు. తుపాకీ గొట్టం దగ్గర సిమెంటు పెచ్చులూడి, లోపలి కమ్మీ తుప్పుపట్టి బయటపడింది. వీటికి తోడు మేము చేసిన తప్పు ఒకటి ఉంది. నిరుడు జూలై 26న కార్గిల్ విజయ్ దివస్ జరుపుకోవాలని ముందురోజు తొందర తొందరగా శుభ్రం చేస్తూ, మా కుర్రవాళ్లు బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి అరుగు మీద పోశారు. సుయ్యిమని నురుగు లేచింది. పాచి వదిలిందని అందరం సంతోషించాం గాని, మర్నాడు బండలు ఆరిన తరువాత చూస్తే నీలి బండల మీద తెల్లటి చారలు తేలి ఉన్నాయి. చేత్తో తడిమితే ఉప్పుకాగితంలా గరుకుగా తగిలాయి. యాసిడ్ పోసింది వాళ్లే అయినా డబ్బులిచ్చి దుకాణానికి పంపినవాణ్ణి నేనే గనుక ఆ తప్పు నాదే.

ఇక అసలు సంగతి. మా ఊళ్లో స్థలాల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి, పాత పలకను తీసేసి దానికి రెండింతల గ్రానైట్ పలక పెట్టిస్తానని, పేర్లను హోదాల వారీగా మళ్లీ చెక్కిస్తానని, స్తంభం పక్కన ఒక జవాను విగ్రహం కూడా నిలబెడతానని ముందుకు వచ్చారు. ఖర్చంతా ఆయనే పెట్టుకుంటారు. పలక అడుగున తన తల్లిదండ్రుల పేర్లు వేయించాలన్నది ఒక్కటే షరతు. బృందంలో సగానికి పైగా ఒప్పుకున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు, కాని ఎందుకు ఒప్పడం లేదో సమావేశంలో సరిగా చెప్పలేకపోయాను.

అక్కడ చెప్పలేకపోయిన కారణం ఇక్కడ చెబుతాను. 1971లో ప్రాణాలు విడిచిన ఒక సిపాయి భార్య మా పట్టణానికి ఆనుకొని ఉన్న పల్లెలో ఉంటారు. ఆమెకు డెబ్బై అయిదు దాటాయి, అక్షరం రాదు. ప్రతి నెలా పెన్షను కోసం బ్యాంకుకు వచ్చినప్పుడు తిరుగుదారిలో స్మారకం దగ్గర ఆగి, గ్రిల్ తలుపు తోసుకొని లోపలికి వెళ్లి, పలక పైఅంచు నుంచి చూపుడువేలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసలు లెక్కపెట్టుకొని, నాలుగో వరుస మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడి వెళ్లిపోతారు. రంగు పోయినా, రాలినా ఆమెకు తేడా పడలేదు. పేర్లను హోదాల వారీగా మార్చి చెక్కిస్తే మాత్రం నాలుగో వరుసలో వేరొకరి పేరు ఉంటుంది. ఇది సమావేశంలో అంటే సెంటిమెంటు అని కొట్టిపారేస్తారేమోనని ఊరుకున్నాను.

పాత పలకనే బాగుచేసుకోవడం సాధ్యమేనా? యాసిడ్ పడిన బండలకు మార్గం ఉందా? పేర్ల వరుస విషయంలో సైనికపరంగా ఒక పద్ధతి అంటూ ఏమైనా ఉందా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (రాతి కట్టడాల మరమ్మతులు చేయించే ఇంజనీరు, మెహదీపట్నం)

హవల్దారు గారూ, రాయి వైపు నుంచి చూస్తే మీ పలకను మార్చవలసిన అవసరం ఏమీ కనిపించడం లేదు. పాతికేళ్లకు పాతబడే రాయి కాదది. మనం వాడుకలో నల్ల గ్రానైట్ అని పిలిచేది చాలావరకు డోలరైట్ అనే రాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163లో నిలిపిన నల్లరాతి స్తంభాల నునుపు మీద ఈనాటికీ మన నీడ కనిపిస్తుంది. పలకలో పగులు గాని, గోడ నుంచి విడివడి ఊగడం గాని లేకపోతే అది మీ మనవల కాలానికీ అలాగే ఉంటుంది. పోయింది రంగు మాత్రమే.

ఆ రంగు పోవడానికి కారణం కూడా తెలిసిందే. బంగారు రంగు అని డబ్బాల్లో అమ్మేదానిలో సాధారణంగా ఉండేది ఇత్తడి పొడి. ఆరుబయట గాలికీ తేమకూ అది ఇంట్లో తోమని ఇత్తడి చెంబులాగే నల్లబడుతుంది. మళ్లీ బంగారు రంగే వేయిస్తే మళ్లీ ఇదే కథ. నన్నడిగితే మంచి రకం తెల్ల ఎనామిల్ వేయించండి, దూరానికి కూడా చదవడానికి వీలుగా ఉంటుంది. ముందు ఒక్కొక్క అక్షరం గాడిలోంచి పాత రంగును చెక్కపుల్లతో, మెత్తని బ్రష్షుతో తీసి, కడిగి, రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. సన్నని కుంచెతో గాడి నిండేలా రంగు వేసి, అది పట్టుకున్న తరువాత, అక్షరం అంచు దాటి నునుపు మీదకు వచ్చిన రంగును కొత్త గడ్డం బ్లేడును ఏటవాలుగా పట్టుకొని గీకితే నీటుగా లేచి వస్తుంది. మెరుగుపెట్టిన నల్లరాయి బ్లేడుకు గీతలు పడదు. సమాధి రాళ్లు చెక్కేవాళ్లు చేసే పద్ధతి ఇదే. 11 పేర్లకు ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు, రెండు ఆదివారాలు చాలు.

యాసిడ్ సంగతి వేరు. తాండూరు బండ, షాబాద్ బండ రెండూ సున్నపురాయి జాతివి. ఇంట్లో సున్నం మీద నిమ్మరసం పిండితే ఏమవుతుందో మీ అరుగు మీద జరిగింది కూడా అదే. ఆ నురుగు పాచిది కాదు, రాయిదే. కరిగిపోయిన పొరను తిరిగి తేలేం. గరుకుదనం మరీ ఇబ్బందిగా ఉంటే బండలు పాలిష్ చేసే మిషనుతో పైపొరను పలచగా అరగదీయించవచ్చు, దానితో చారలు చాలావరకు పోతాయి. ఊరుకున్నా ప్రమాదం లేదు, కాకపోతే గరుకు బండ మీద మట్టి, పాచి మునుపటికంటే త్వరగా పట్టుకుంటాయి. అసలు పలక మీద కూడా యాసిడ్ పడనివ్వవద్దు. నల్లరాయిలో ఇనుము ఉంటుంది గనుక యాసిడ్ తగిలితే తుప్పురంగు మరకలు తేలే అవకాశం ఉంది. దాని ఆవిరికి పక్కనున్న గ్రిల్ కూడా పాడవుతుంది.

కడగడానికి మంచినీళ్లు, ప్లాస్టిక్ కుచ్చు బ్రష్షు, అవసరమైతే గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు, ఇంతకుమించి అక్కర్లేదు. ఇనుప తీగల బ్రష్షు పనికిరాదు. అది రాతిలో వదిలే సన్నని ఇనుప రజను వానకు తుప్పుపట్టి చుక్కలు చుక్కలుగా తేలుతుంది. స్తంభాన్ని కింది నుంచి పైకి తడుపుతూ కడగండి. పై నుంచి మొదలుపెడితే మురికినీళ్లు పొడిరాతి మీద జారి, ఆ చారలు రాతిలోకి పీల్చుకుంటాయి. చాలామంది తెలియక చేసేది అదే.

మీరు రాయలేదు గాని, మన ఊళ్లలో స్మారకాలకు బొట్లు పెట్టడం, దీపం వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం మామూలే. నూనె మరక పడి ఉంటే ముల్తానీ మట్టిని నీళ్లతో ముద్దగా కలిపి, మరక మీద వేలు మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచండి; తరువాత కాగితం తీసి, ముద్దను ఆరనిచ్చి రాల్చేయండి. నూనెను అది పీల్చుకుంటుంది. మరక పాతదైతే నాలుగైదు సార్లు చేయవలసి రావచ్చు. దీపం పెట్టవద్దని ఎవరితోనూ అనకండి, అడుగున ఒక స్టీలు పళ్లెం పెట్టండి.

ఇక మీరు నిజంగా ఆలస్యం చేయకూడనిది పైన ఉన్న సిమెంటు తుపాకీ. కమ్మీ తుప్పుపడితే ఉబ్బుతుంది, ఉబ్బితే చుట్టూ ఉన్న సిమెంటును పగలగొట్టుకొని బయటికి వస్తుంది. హెల్మెట్ బరువంతా ఆ కమ్మీ మీదే ఉంది. దాని కింద నిలబడి దండలు వేసేది బడిపిల్లలు. వదులుగా ఉన్న సిమెంటంతా కొట్టేసి, కమ్మీని మెరిసేదాకా శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేసి, మరమ్మతుకు వాడే గారతో మళ్లీ పూడ్చాలి. దాత డబ్బు ఇస్తానంటే మొదట ఈ పనికి ఇమ్మనండి.

జవాబు (ఉప్పల్ నుంచి, ఇలాంటి బృందంలోనే పనిచేస్తున్న యువకుడు)

పెద్దవారు ఏమీ అనుకోకపోతే నేను మరోవైపు నుంచి మాట్లాడతాను. మా ఊళ్లో కూడా ఇలాంటి స్తంభమే ఉంది. ఏడాదికి మూడు రోజులు, అంటే జనవరి 26, జూలై 26, ఆగస్టు 15 తప్ప దాని ముఖం చూసేవారు లేరు. నలుగురం ఆదివారం పూట వెళ్లి గడ్డి పీకుతుంటే, దారిన పోయేవారు మున్సిపాలిటీ కూలీలమనుకొని తమ వీధి కాలువ కూడా తీయమని అడిగారు. అలాంటి చోట ఒక దాత స్వయంగా ముందుకు వస్తే, తల్లిదండ్రుల పేర్లు కింద వేయించినంత మాత్రాన వచ్చే నష్టమేమిటో నాకు అర్థం కావడం లేదు. గుడి మెట్ల మీద, బడి గోడల మీద, బస్సు షెల్టర్ల మీద దాతల పేర్లు మనకు కొత్త కాదు కదా. పెద్ద పలక, విగ్రహం ఉంటే పిల్లలు ఆగి చూస్తారు. సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబు గారి విగ్రహం ముందు ఆగి ఫొటో తీసుకునేవారిని నేను చూశాను. 2020లో గల్వాన్‌లో ఏం జరిగిందో పిల్లలకు తల్లిదండ్రులు అక్కడే చెబుతుంటారు. పేర్ల పట్టికకు ఆ శక్తి ఉందంటారా?

జవాబు (మాజీ సుబేదారు, అల్వాల్)

బాబూ, నీవు అడిగినది న్యాయమైన ప్రశ్నే. అయితే సూర్యాపేటలోని విగ్రహం ఫలానా మనిషిది. ఆ ముఖం ఆయనది, ఊరు ఆయనది, చూసినవారికి మహావీర చక్ర పొందిన ఆ అధికారి గుర్తుకు వస్తారు. హవల్దారు గారి ఊళ్లో దాత పెట్టిస్తానంటున్నది ఎవరి ముఖమూ కాని ఒక బొమ్మ. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్ మూర్తి విగ్రహాలను తీసుకో. ఆ మూడింటిలో ఒకటి మన హైదరాబాదు సంస్థానపు లాన్సర్లకు, అంటే గుర్రపు దళానికి గుర్తు. తక్కిన రెండూ జోధ్‌పూర్, మైసూరు దళాలవి. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లినవారు వారు. విగ్రహాల పేరు పక్కనున్న భవనానికీ, రోడ్డుకూ వచ్చింది. నూరేళ్లుగా ఆ పేరు పలుకుతున్నవారిలో, వారు ఎవరో చెప్పగలవారిని హైదరాబాదులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలాగని విగ్రహాలు వద్దని నా వాదన కాదు, పేర్లు ముందు అంటున్నాను.

హవల్దారు గారూ, వరుస గురించి అడిగారు. హోదాల వారీగానే ఉండాలన్న నియమం నాకు తెలిసినంతలో ఎక్కడా లేదు. 1917లో బ్రిటిష్ వారు యుద్ధ సమాధుల కోసం ఏర్పాటు చేసిన సంస్థ మొదటినుంచీ పెట్టుకున్న సూత్రమే, హోదాను బట్టి గాని మతాన్ని బట్టి గాని తేడా చూపరాదని. జనరల్‌కైనా సిపాయికైనా ఒకే కొలత రాయి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో కూడా త్యాగ చక్రం గోడలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క గ్రానైట్ ఫలకం ఉంటుంది. అన్నీ ఒకే కొలతవి. ప్రారంభించేనాటికే 25,942 పేర్లు అక్కడ చేరాయి. మీ పలక మీద ఇప్పుడున్న వరుస 1962 నుంచి 1999 దాకా వారు మరణించిన కాలక్రమమై ఉంటుందని మీ రాతను బట్టి అనుకుంటున్నాను. దానికంటే మంచి వరుస మరొకటి లేదు. ఆ వీర నారి నాలుగో వరుస మీద చేయి పెడుతున్నారంటే మీ పలక తన పని తాను చేస్తున్నట్టే లెక్క. దాన్ని సెంటిమెంటు అన్నవారిని నా దగ్గరికి పంపండి.

వరుసకంటే నన్ను కలవరపెట్టేది పేర్లలోని తప్పులు. 2000 ప్రాంతాల్లో ఊళ్లవారు ఇలాంటి పలకలు చెక్కించినప్పుడు, వినికిడి మీద పేరు రాసి శిల్పికి ఇచ్చేవారు. ఒకచోట కొమ్ము ఎగిరిపోతుంది, ఒకచోట ఒత్తు రాదు, ఒకచోట ఇంటిపేరు ఉండవలసినచోట తండ్రి పేరు ఎక్కుతుంది. సైన్యపు కాగితాల్లో ఇంటిపేరు ముందో వెనకో, ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా ఉంటుంది. అందువల్ల రంగు వేయడానికి ముందే 11 పేర్లనూ సరిచూసుకోండి. కుటుంబం దగ్గర ఉండే పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అంటే మనం పి.పి.ఓ. అనే కాగితం, ఉత్తమమైన ఆధారం. దానిలో ఆర్మీ నంబరు, హోదా, రెజిమెంటు, పేరు ఉంటాయి. పేరు మారవచ్చు గాని నంబరు మారదు. ఒకే పేరుతో పల్టన్‌లో నలుగురు ఉన్నా నంబరు ఒక్కరిదే. ఆ నంబరు పట్టుకొని సంబంధిత రికార్డ్స్ ఆఫీసుకు రాయండి. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మద్రాస్ ఇంజనీర్స్‌కు బెంగళూరు. మీ ఇ.ఎం.ఇ. రికార్డ్స్ సికింద్రాబాదులోనే ఉందని మీకు నేను చెప్పనక్కరలేదు. ఉత్తరం బృందం తరఫున కాక, జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా పంపితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంకొక మాట. పాత పలక పేర్లు సరిచూసే పని మొదలుపెట్టగానే, మా నాన్న కూడా సైన్యంలోనే పోయాడు, ఆయన పేరు ఎందుకు లేదు అని ఎవరో ఒకరు వస్తారు. తప్పకుండా వస్తారు. యుద్ధరంగంలో మరణించడానికీ, సెలవులో ఇంటికి వస్తూ రోడ్డు ప్రమాదంలో మరణించడానికీ సైన్యం రికార్డుల్లో తేడా ఉంది. ఆ తేడా కుటుంబానికి ఉండదు. పలక మీద ఎవరి పేర్లు ఉండాలన్నది ముందే కాగితం మీద రాసుకొని అందరూ సంతకాలు పెట్టండి, లేకపోతే అది అప్పటికప్పుడు మొహమాటం మీద తేలుతుంది.

జవాబు (మున్సిపల్ కార్యాలయంలో పనిచేసి రిటైరైన వ్యక్తి, మల్కాజిగిరి)

రాయి గురించీ పేర్ల గురించీ పెద్దలు చెప్పారు గనుక నేను కాగితాల గురించి చెబుతాను. స్మారకం ఉన్న స్థలం ఎవరిదో మొదట తెలుసుకోండి. పాత బస్టాండు పక్కన అంటున్నారు గనుక అది మున్సిపాలిటీదో, రోడ్లు భవనాల శాఖదో, ఆర్టీసీదో అయి ఉంటుంది. ఎవరిదైనా సరే, నాలుగేళ్లుగా మీరు నోటిమాట మీద పనిచేస్తున్నారని నాకు అర్థమైంది. రేపు తుపాకీ ముక్క ఊడి ఎవరి మీదైనా పడితే మీ బాధ్యత ఏమిటో చెప్పే కాగితం మీ దగ్గర ఉండదు. కమిషనర్ గారి పేర, స్మారకాన్ని శుభ్రం చేసి సంరక్షించడానికి అనుమతి కోరుతూ ఒక వినతిపత్రం రాసి, కాగితం అందినట్టు ఆఫీసువారు వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకొని, నకలు దాచుకోండి. కౌన్సిల్‌లో తీర్మానం చేయిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. ఎందుకంటే కమిషనర్లు బదిలీ అవుతారు, తీర్మానం పుస్తకంలో ఉంటుంది. పని మొదలుపెట్టకముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి ఆ వినతిపత్రానికి జతచేయండి.

విగ్రహం విషయంలో దాతగారికి ఒక సంగతి చెప్పండి. రహదారులు, కాలిబాటలు వంటి ప్రజల రాకపోకల స్థలాల్లో కొత్త విగ్రహాలకు గాని కట్టడాలకు గాని అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. స్తంభం చుట్టూ ఉన్న జాగా రోడ్డు హద్దులోకి వస్తే విగ్రహానికి అనుమతి వచ్చే దారి లేదు. రాత్రికి రాత్రి పెట్టేస్తే తరువాత ఎవరూ తీయరులే అనే మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. విని ఊరుకోండి. ఉన్నదాన్ని మరమ్మతు చేసుకోవడం వేరు, కొత్తది నిలబెట్టడం వేరు. అలాగే పలక మీద అందంగా ఉంటుందని నాలుగు సింహాల గుర్తు చెక్కించాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ చిహ్నాన్ని ఎవరు వాడవచ్చో 2005 చట్టం నిర్ణయించింది, మన బృందాలు ఆ జాబితాలో లేవు.

దాత డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు, అయితే ఒక మనిషి జేబులోకి కాకుండా బృందం ఖాతాలోకి తీసుకోవాలి. ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా రిజిస్టరు చేసుకోవచ్చు. ఆ తరువాత బ్యాంకు ఖాతా, రసీదు పుస్తకం వాటంతట అవే వస్తాయి. దాతగారి తల్లిదండ్రుల పేర్లకు గ్రిల్ బయట, అరుగు పక్కన కూర్చోవడానికి ఒక సిమెంటు బల్ల కట్టించి, దాని మీద వేయించండి. బల్ల కొత్త కట్టడమే కదా అనకండి, దానికీ ఆ వినతిపత్రంలోనే ఒక వాక్యం రాయండి.

ఫ్లెక్సీల గురించి ఎవరూ మాట్లాడలేదు, ఆశ్చర్యంగా ఉంది. మా దగ్గర అన్నింటికంటే పెద్ద బాధ అదే. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టడానికి స్మారకం గ్రిల్‌కంటే అనువైన చోటు ఊళ్లో మరొకటి దొరకదు. మేము గొడవపడి తీయించేవాళ్లం, మర్నాటికి ఇంకొకటి వెలిసేది. చివరికి ఒక మార్గం దొరికింది: గ్రిల్‌కు ఆనించి లోపలివైపు మల్లె, గన్నేరు మొక్కలు వరుసగా నాటాం. మొక్కలు గ్రిల్ ఎత్తు పెరిగాక తాడు కట్టడానికి సందు లేకుండా పోయింది.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సుబేదారు గారూ, మీరు చెప్పిన తరువాత నేను ఆ అమ్మగారి ఇంటికి వెళ్లాను. పి.పి.ఓ. కాగితాన్ని ఆమె ప్లాస్టిక్ కవరులో చుట్టి, బియ్యం డబ్బా అడుగున దాచారు. దానిలోని పేరుకూ పలక మీది పేరుకూ తేడా ఉంది. పలక మీద ఇంటిపేరు మొదటి అక్షరమే తప్పు. సంకోచిస్తూనే ఆమెకు ఆ సంగతి చెప్పాను. ఆమె నింపాదిగా, "అది మా ఇంటిపేరు కాదని నాకు ముందే తెలుసు బిడ్డా, రాయి పెట్టిననాడే మా మరిది చదివి చెప్పిండు, అప్పుడు ఎవరిని అడగాలో తెల్వలే" అన్నారు. పాతికేళ్లుగా ఆమె చేయి పెడుతున్నది తప్పు అక్షరం మీద అని తెలిసి కూడా పెడుతున్నారు. నాకు మాట రాలేదు.

ఇంజనీరు గారిని ఒకటి అడుగుతున్నాను. చెక్కిన అక్షరాన్ని గ్రానైట్ మీద సరిదిద్దడం వీలవుతుందా, లేక ఆ ఒక్క కారణంగా పలక మార్చక తప్పదా?

జవాబు (ఇంజనీరు, మెహదీపట్నం)

మార్చనక్కరలేదు. తప్పు అక్షరం గాడిని నల్లరాతి పొడి కలిపిన ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో పూడ్చి, పూర్తిగా గట్టిపడిన తరువాత పైభాగాన్ని రాతితో సమానంగా అరగదీసి, అదే చోట సరైన అక్షరాన్ని మళ్లీ చెక్కిస్తారు. దగ్గరికి వెళ్లి పరికించి చూస్తే పూడ్చిన చోటు కొద్దిగా తెలుస్తుంది, దాన్ని దాచలేం. ఒక అక్షరమే గనుక బాగానే కుదురుతుంది. పేరు పేరంతా మార్చవలసి వస్తే మాత్రం ఇది నిలవదు. అప్పుడు ఆ వరుస వరకు పలచని కొత్త పట్టీ అమర్చాలి. శిల్పికి పని ఇచ్చేముందు పేరును కాగితం మీద అసలు కొలతలో రాయించి, కుటుంబంలో చదువు వచ్చినవారి చేత సంతకం పెట్టించుకోండి. తప్పులు జరిగేది రాతి దగ్గర కాదు, ఆ కాగితం దగ్గర.

జవాబు (ఉప్పల్ నుంచి, పైన రాసిన యువకుడు)

ఆ అమ్మగారి సంగతి చదివాక నా మొదటి మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. దాత పేరు విషయంలో మాత్రం కాదు, బల్ల మీద వేయించడం మంచి ఆలోచన. నాకు తెలిసిన సంగతి ఒకటి చేరుస్తాను. మీ స్మారకం దగ్గర జెండా ఉంటే దాని అంచులు చూడండి. చిరిగిన జెండా ఎగరకూడదని ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. పాడైనదాన్ని చెత్తలో వేయకుండా, నలుగురి మధ్య కాకుండా, మర్యాదగా, పూర్తిగా కాల్చివేయాలి. 2022 జూలై నుంచి పగలూ రాత్రీ ఎగరవేయడానికి అనుమతి ఇచ్చారు గనుక చాలాచోట్ల జెండాను దించడమే మానేశారు, దానితో గాలికి రెండు నెలల్లోనే అంచులు పీలికలవుతున్నాయి. మేము బస్టాండులో టీ కొట్టు అతనికి తాళం ఇచ్చి, సాయంత్రం దించే పని అప్పగించాం. మా బృందంలో ఎవరూ అంత క్రమం తప్పకుండా చేయలేదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

మొన్న ఆదివారం సమావేశం జరిగింది. పి.పి.ఓ. కాగితం నకలును, పలక ఫొటోను పక్కపక్కన పెట్టి చూపించాను. ఈసారి ఎక్కువ మాట్లాడవలసిన పని పడలేదు. పాత పలక అక్కడే ఉంటుంది, వరుస మారదు. దాతగారితో ఇద్దరు ఉపాధ్యాయులు మాట్లాడారు. మొదట ముఖం చిన్నబుచ్చుకున్నారట గాని, తుపాకీ మరమ్మతుకు, బల్లకు ఒప్పుకున్నారు. విగ్రహం మాట మళ్లీ ఎత్తుతారేమో తెలియదు. కోర్టు ఆదేశం సంగతి చెప్పి ఉంచాం. తక్కిన పది పేర్ల కోసం ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్కరం వెళ్తున్నాం. ఇప్పటికి ఆరు ఇళ్లు పూర్తయ్యాయి, ఇంకొక తప్పు బయటపడింది, ఒక కుటుంబం ఊరు విడిచి ఎక్కడికో వెళ్లిపోయింది. కమిషనర్ కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించాం.

వచ్చే ఆదివారం పలక కడుగుతున్నాం. ప్లాస్టిక్ కుచ్చు బ్రష్షులు అరడజను కావాలి. మా ఊళ్లో మంచివి దొరుకుతాయో లేదో. శనివారం రాణిగంజ్ వెళ్లి తీసుకుందామనుకుంటున్నాను. ఏ రకం అడగాలి?

జవాబు (ఇంజనీరు, మెహదీపట్నం)

రాణిగంజ్ దాకా పోనక్కరలేదు. బట్టలుతికే బ్రష్షులు ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి, అవే చాలు. మీ చేతి వెనకభాగం మీద రుద్ది చూడండి. మంట పుట్టకపోతే రాతికి పనికివస్తుంది. అక్షరాల గాడుల కోసం పళ్లు తోముకునే పాత బ్రష్షులు నాలుగు ఇంట్లో వెతకండి. బకెట్లు మాత్రం రెండు తీసుకెళ్లండి, మురికి బ్రష్షు ముంచేది ఒకటి, మంచినీళ్లకు ఒకటి.